ఫిఫ్త్ డైమెన్షన్ సోల్ గ్రూపా, పాప్ గ్రూపా? మా ఇంట్లో గొడవ

పాతప్లేటు
సోల్ (అమెరికా నల్లజాతి సంగీతంలో ఒక రకం) పాటల ప్లేలిస్ట్ ఒకటి కట్టి మా తమ్ముడికి పంపాను. అరీతా ఫ్రాంక్లిన్, ఓటిస్ రెడ్డింగ్, ఫోర్ టాప్స్, మధ్యలో 1960ల అమెరికా గ్రూపు ఫిఫ్త్ డైమెన్షన్ వాళ్ళ ‘స్టోన్డ్ సోల్ పిక్నిక్’. వాడు అన్నీ ఉంచి ఆ ఒక్కదాన్నే పీకేసి తిప్పి పంపాడు. “ఇది సోల్ కాదు, లిఫ్టులో వేసే పాట” అని కింద రాశాడు. పాట పేరులోనే సోల్ ఉంది కదరా అంటే, “పాలకొల్లు వెళ్తే కుళాయిలో పాలు వస్తాయా?” అన్నాడు.

మా నాన్న విశాఖ పోర్టులో పనిచేసేటప్పుడు ఒక విదేశీ ఓడలో వంటాయన ఇచ్చిన ఎల్పీ మా ఇంట్లో ఉండేది. ఈ గ్రూపుదే, ‘ది ఏజ్ ఆఫ్ అక్వేరియస్’. అట్ట చిరిగిపోయింది, ప్లేటు మీద గీత పడింది, ఒకచోట సూది ఎగిరి రెండు లైన్లు దాటేసేది. నేను ఆ గీతతో సహా పాట నేర్చుకున్నవాడిని. అందుకే ఒళ్ళు మండింది.

అందులోని ‘అక్వేరియస్/లెట్ ద సన్‌షైన్ ఇన్’ పాట 1969లో ఆరు వారాలు అమెరికాలో నంబర్ వన్. గ్రూపుకి రికార్డ్ ఆఫ్ ది ఇయర్ గ్రామీ రెండుసార్లు. ఐదుగురూ నల్లజాతి గాయకులే. అయినా సోల్ అనగానే ఎవరూ వీళ్ళ పేరెత్తరు. ఎందుకు? తమ్ముడు చెప్పిందే నిజమా?

మిరపబజ్జి
తమ్ముడికి నా ఓటు. పాలకొల్లు జోకుకి ఇంకో ఓటు.

గరుకుగొంతు
నేనూ తమ్ముడి వైపే, కానీ కారణం చెప్తాను. సోల్ అంటే చర్చిలో పుట్టిన పాట. గొంతు పగలాలి, చెమట పట్టాలి, పాడేవాడు తాళం కంటే ఒక వెంట్రుకవాసి వెనక నడవాలి. ‘అప్ అప్ అండ్ అవే’ వినండి. బెలూన్ ఎక్కి ఆకాశంలో తిరుగుదాం రా అంటుంది. టీడబ్ల్యూఏ విమానాల కంపెనీ దాన్ని ప్రకటనలకి వాడుకుంది. ఓటిస్ పాట పెట్టి విమానం టికెట్లు అమ్మగలరా? అదీ తేడా.

బెజవాడ బాబాయ్
అమ్మగలరు. ఆలస్యంగా వచ్చే విమానాలకి ఓటిస్ రెడ్డింగే కరెక్టు. రేవు మీద కూర్చుని ఎదురుచూడటమే ఆయన పాట.

ఆల్టో అక్క
గుంటూరులో మా చర్చి క్వైర్‌లో ఇరవై రెండేళ్ళు ఆల్టో పాడాను. ఆ అర్హతతో చెప్తున్నా, గరుకుగొంతు గారి నిర్వచనంలో సగమే నిజం. చర్చిలో రెండు రకాల పాట ఉంటుంది. ఒకటి పైకి లేచి కేక పెట్టేది. రెండోది నాలుగు గొంతులు నాలుగు దారుల్లో వెళ్ళి ఒకేచోట కలిసేది. రెండోది చేయడం కష్టం. ఎవరి గొంతూ పైకి కనపడకూడదు, కానీ ఒక్క గొంతు తగ్గినా పాట కుంటుతుంది.

ఫిఫ్త్ డైమెన్షన్‌లో ఈ రెండూ ఉన్నాయి. బిల్లీ డేవిస్ జూనియర్ సెయింట్ లూయిస్‌లో గోస్పెల్ (చర్చి భక్తి పాటలు) పాడి వచ్చినవాడు. రాన్ టౌన్సన్ శాస్త్రీయంగా నేర్చుకున్న గొంతు, ఆపెరా పాడగలిగేవాడు. మెరిలిన్ మెకూ, ఫ్లారెన్స్ లారూ గొంతులు నున్నగా, పొడుగ్గా ఉంటాయి. లమోంట్ మెక్లెమోర్ కింద బేస్ పట్టుకుంటాడు. కేక పెట్టగలిగినవాడిని మధ్యలో కూర్చోబెట్టి కేక పెట్టనివ్వకపోవడం కూడా ఒక విద్యే. చివరికి ‘లెట్ ద సన్‌షైన్ ఇన్’లో వదిలేస్తారు చూడండి. అక్కడ బిల్లీ పాడేది అచ్చం ఆదివారం ఆరాధన.

పాతప్లేటు
అక్కా, మా ప్లేటు మీద గీత సరిగ్గా అక్కడే ఉండేది! ఆయన మొదలుపెట్టేలోపు సూది ఎగిరేది. యూట్యూబ్ వచ్చాకే పూర్తిగా విన్నాను.

సూదిమందు
లమోంట్ మెక్లెమోర్ ఫొటోగ్రాఫర్ కూడా. జెట్ పత్రికకి ఏళ్ళ తరబడి ఫొటోలు తీశాడు. మెరిలిన్, ఫ్లారెన్స్ ఇద్దరూ కాలిఫోర్నియాలో మిస్ బ్రాంజ్ అనే అందాల పోటీల్లో గెలిచినవాళ్ళు. అక్కడ ఫొటోలు తీస్తూనే ఆయన వాళ్ళని పట్టాడు. గ్రూపు పుట్టింది కెమెరా వల్ల అన్నమాట.

నిక్కచ్చి నారాయణ
కొంచెం సరిచేస్తాను. మెరిలిన్, లమోంట్ అంతకుముందే హై-ఫైస్ అనే గ్రూపులో కలిసి పాడారు, రే చార్లెస్‌తో ఊళ్ళు తిరిగారు. అది విడిపోయాక ఒక ముక్క వర్సటైల్స్ అయింది. ఇంకో ఇద్దరు వెళ్ళి ఫ్రెండ్స్ ఆఫ్ డిస్టింక్షన్ పెట్టి 1969లో ‘గ్రేజింగ్ ఇన్ ద గ్రాస్’ని మూడో స్థానం దాకా తీసుకెళ్ళారు. ఒకే ఇంట్లో అన్నదమ్ములు విడిపోయి ఇద్దరూ బాగుపడ్డట్టు.

వర్సటైల్స్ డెమో పట్టుకుని మోటౌన్ రికార్డు కంపెనీ దగ్గరికి వెళ్తే దాని యజమాని బెర్రీ గోర్డీ వద్దన్నాడు. అప్పటిదాకా మోటౌన్ లాస్ ఏంజెలెస్ ఆఫీసు చూసిన మార్క్ గోర్డన్ మేనేజర్‌గా వచ్చాడు. గాయకుడు జానీ రివర్స్ తన సొంత రికార్డు లేబుల్‌కి తీసుకుని, పేరు పాతగా ఉంది మార్చండి అన్నాడు. టౌన్సన్ దంపతులు కొత్త పేరు చెప్పారు, అదే ఫిఫ్త్ డైమెన్షన్. ఆ లేబుల్ పేరు ఏమిటో తెలుసా? సోల్ సిటీ. తమ్ముడికి చెప్పండి.

మిరపబజ్జి
పాలకొల్లు, సోల్ సిటీ… రెండూ ఊళ్ళే. జోకు ఇంకా నిలబడే ఉంది.

గరుకుగొంతు
గోర్డీయే వద్దన్నాడంటే ఆలోచించండి. ఆయన చెవి అందరికీ తెలుసు.

నిక్కచ్చి నారాయణ
ఆయన చెవి కోరింది కూడా గరుకు గొంతులని కాదు గురూ. సుప్రీమ్స్ అనే తన అమ్మాయిల గ్రూపుని తెల్లవాళ్ళ నైట్‌క్లబ్బుల్లో పాడించడానికి నడక, మాట నేర్పించిన మనిషి ఆయన. సుప్రీమ్స్ సోల్ అయితే వీళ్ళెందుకు కాదు?

కోడంబాక్కం కాందిశీకుడు
గరుకుగొంతు గారు అడగబోయే ప్రశ్న నేనే అడుగుతా: వీళ్ళ వెనక వాయించిందెవరు? మోటౌన్ రికార్డుల వెనక ఎక్కువగా డెట్రాయిట్ నల్లజాతి జాజ్ వాద్యకారులు. మెంఫిస్‌లో బుకర్ టీ బృందం. ఫిఫ్త్ డైమెన్షన్ వెనక లాస్ ఏంజెలెస్ స్టూడియో వాద్యకారులు, తర్వాత రెకింగ్ క్రూ అని పేరు పడ్డవాళ్ళు. హాల్ బ్లేన్ డ్రమ్స్, జో ఓస్బోర్న్ బేస్ గిటార్, ల్యారీ నెక్టెల్ కీబోర్డు. పొద్దున ఒక తెల్ల రాక్ గ్రూపుకి వాయించి, మధ్యాహ్నం ఇంకొకరికి, రాత్రి వీళ్ళకి. ఆ మెరుపు, ఆ శుభ్రత అక్కడిది. నిర్మాత బోన్స్ హౌ అంతకుముందు అసోసియేషన్, టర్టిల్స్ అనే పాప్ గ్రూపుల రికార్డులు చేసినవాడు. చెవికి ‘పాప్’ అని తగిలేది సగం ఈ మనుషుల వల్లే.

హాల్ బ్లేన్ లెక్క ఒకటి చెప్తాను. వరసగా ఆరేళ్ళు రికార్డ్ ఆఫ్ ది ఇయర్ గెలిచిన పాటల్లో డ్రమ్స్ ఆయనవే. ఆరింట్లో రెండు ఫిఫ్త్ డైమెన్షన్‌వి. మన దగ్గర మద్రాసులో ఒకే ఆర్కెస్ట్రా పొద్దున ఒక సినిమాకి, సాయంత్రం ఇంకో సినిమాకి కాల్‌షీట్ మీద వాయించేది కదా, అచ్చం అదే. మా పెదనాన్న వయొలిన్. ఎన్ని వందల పాటలు వాయించాడో, ఒక్క ప్లేటు మీదా ఆయన పేరు లేదు.

బెజవాడ బాబాయ్
కోరస్ వాళ్ళ సంగతి మరీ ఘోరం. “బృందం” అని ఒక్క మాటలో తోసేస్తారు.

పాతప్లేటు
‘లెట్ ద సన్‌షైన్ ఇన్’ భాగంలో బేస్ గిటార్ ఒక్కటే పట్టుకుని వినండి. నేను పాట మానేసి దాని వెంటే పోతుంటాను.

న్యూజెర్సీ నాని
ఆ పాట పుట్టిన కథ తెలియనివాళ్ళ కోసం. గ్రూపు న్యూయార్క్‌లో షోలు చేస్తోంది. బిల్లీ డేవిస్ టాక్సీలో పర్సు మర్చిపోయాడు. దొరికినాయన ఫోన్ చేసి తెచ్చిచ్చాడు. ఆయన ఎవరంటే, బ్రాడ్వేలో ఆడుతున్న ‘హెయిర్’ నాటకం నిర్మాతల్లో ఒకడు. కృతజ్ఞతగా వీళ్ళు ఆయన్ని తమ షోకి పిలిచారు, ఆయన వీళ్ళని తన నాటకానికి పిలిచాడు. మొదటి పాట ‘అక్వేరియస్’ వినగానే ఐదుగురూ ఇది మనం పాడాల్సిందే అనుకున్నారు.

బోన్స్ హౌ ఒప్పుకోలేదు. ఇది సగం పాటే, దీనికి ముగింపు లేదు అన్నాడు. తర్వాత ఆయనే వెళ్ళి నాటకం చూశాడు. ఆఖర్న అందరూ కలిసి ‘లెట్ ద సన్‌షైన్ ఇన్’ అని మళ్ళీ మళ్ళీ పాడే నాలుగు ముక్కలున్నాయి. దాన్ని తెచ్చి దీని తోక కింద అతికించాడు. వేగం వేరు, శృతి వేరు, మూడ్ వేరు. వాటిని కలిపి ఒక పాట చేశారు.

సూదిమందు
నేను చివరిసారి ఆటోలో పర్సు మర్చిపోతే బ్యాంక్ కార్డు బ్లాక్ చేయించుకోవడానికి నలభై నిమిషాలు హోల్డ్‌లో ఉన్నాను. నంబర్ వన్ పాట రాలేదు, హోల్డ్ మ్యూజిక్ మాత్రం కంఠతా వచ్చింది.

ఆల్టో అక్క
అతుకు ఎక్కడుందో తెలిసినా ఇబ్బంది అనిపించదు, అదే గొప్ప. మొదటి భాగంలో ఐదుగురూ గాలిలో తేలుతున్నట్టు పాడతారు, జోతిషం చెప్తున్నట్టు. రెండో భాగంలో కాళ్ళు నేలకి ఆనుతాయి. మా క్వైర్‌లో రెండు కీర్తనలు ఇలా కలుపుదామని నేనంటే మాస్టారు “పంచెకి ప్యాంటు కుట్టమంటావా?” అన్నారు. కుట్టలేదు.

న్యూజెర్సీ నాని
అసలైన విశేషం మర్చిపోయా. వాద్యాలు లాస్ ఏంజెలెస్‌లో రికార్డు చేశారు. గొంతులు చేసింది లాస్ వేగస్‌లో! అప్పుడు వీళ్ళు సీజర్స్ ప్యాలెస్‌లో ఫ్రాంక్ సినాత్రా షోకి ముందు పాడుతున్నారు, కదలడానికి వీల్లేదు. అక్కడే ఒక చిన్న స్టూడియో. పక్కనే రైలు పట్టాలు. రైలు వస్తే ఆపి, పోయాక మళ్ళీ పాడాలి.

బెజవాడ బాబాయ్
మా ఇల్లు సత్యనారాయణపురంలో పాత రైలు కట్ట పక్కన. ఆ రోజుల్లో మా ఇంట్లో మాటలన్నీ అలాగే నడిచేవి. పెళ్ళిచూపుల్లో కూడా గూడ్సు బండి పోయేదాకా ఆగి అప్పుడు జీతం చెప్పాను.

మిరపబజ్జి
బాబాయ్, జీతం సరిగ్గా వినపడకుండానే ఒప్పుకున్నారా పిన్ని?

బెజవాడ బాబాయ్
అదే ఇప్పటికీ ఆవిడ కంప్లయింటు.

గరుకుగొంతు
కథలు బాగున్నాయి. నా ప్రశ్నకి జవాబు రాలేదు. సినాత్రాకి ముందు పాడేవాళ్ళు, బ్రాడ్వే పాటలు పాడేవాళ్ళు. పైగా ఒక్క హిట్టూ వాళ్ళు రాసుకున్నది కాదు. జిమ్మీ వెబ్ ఒకటి, లారా నైరో ఒకటి, బ్యాకరాక్ ఒకటి. అరువు పాటల దుకాణం.

కోడంబాక్కం కాందిశీకుడు
అయితే సుశీల గారు పాటలు రాయలేదు కాబట్టి ఆవిడదీ అరువు దుకాణమేనా? అరీతాకి మహా పేరు తెచ్చిన ‘రెస్పెక్ట్’ మీ ఓటిస్ రాసిందే. తెలుగువాళ్ళం మనం ఈ మాట అనకూడదు గురూ.

గరుకుగొంతు
దెబ్బ తగిలింది. ఒప్పుకుంటున్నా. మిగతాది ఒప్పుకోను.

నిక్కచ్చి నారాయణ
పాటలు ఏరుకోవడంలోనే వీళ్ళ గొప్పతనం ఉంది. ‘అప్ అప్ అండ్ అవే’ నాటికి జిమ్మీ వెబ్‌కి ఇరవై, ఇరవై ఒకటి. జానీ రివర్స్ దగ్గర జీతానికి పాటలు రాసే కుర్రాడు. 1968 గ్రామీల్లో సాంగ్ ఆఫ్ ది ఇయర్ పోటీలో అతని పాటలే రెండున్నాయి, గెలిచింది ఇది. అంతకుముందే, 1967 చివర్లో ‘ద మ్యాజిక్ గార్డెన్’ అని ఒక ఆల్బమ్, ఒక్కటి తప్ప అన్నీ వెబ్ పాటలే. విరిగిన ప్రేమ కథ మొదటి నుంచి చివరి దాకా. అది పెద్దగా అమ్ముడుపోలేదు. అందులో ‘వర్స్ట్ దట్ కుడ్ హ్యాపెన్’ని తర్వాత బ్రూక్లిన్ బ్రిడ్జ్ అనే గ్రూపు పాడి 1969లో మూడో స్థానానికి తీసుకెళ్ళింది. నా మాట వినండి, వీళ్ళ హిట్లు పక్కనపెట్టి ఆ ఆల్బమ్ ఒక రాత్రి కూర్చుని వినండి.

లారా నైరో సంగతి ఇంకా విచిత్రం. న్యూయార్క్ అమ్మాయి, అద్భుతంగా రాసేది, తన రికార్డులు జనంలోకి వెళ్ళలేదు. వీళ్ళు పాడితే అమెరికా చార్టులో స్థానాలు ఇవి: ‘స్టోన్డ్ సోల్ పిక్నిక్’ 3, ‘స్వీట్ బ్లైండ్‌నెస్’ 13, ‘వెడ్డింగ్ బెల్ బ్లూస్’ 1. తెల్లమ్మాయి నల్లవాళ్ళ డూ-వాప్ కోరస్ పాటలు విని పెరిగి రాసిన పాటలని నల్లజాతి గ్రూపు పాడి తెల్లవాళ్ళ రేడియోలోకి పంపింది. ఇక్కడ ఎవరిది సోల్, ఎవరిది పాప్?

సూదిమందు
‘వెడ్డింగ్ బెల్ బ్లూస్’లో “బిల్, నన్నెప్పుడు పెళ్ళి చేసుకుంటావ్” అని అడుగుతుంది కదా. పాడింది మెరిలిన్. పక్కన నిలబడ్డ బిల్లీతో అప్పుడు నిశ్చితార్థం అయి ఉంది. టీవీ షోల్లో అతని ముఖం చూసి పాడేది. పాట నంబర్ వన్ అయ్యేసరికి 1969 నవంబరు. పెళ్ళి జూలైలోనే అయిపోయింది!

ఆల్టో అక్క
పాపం, పెళ్ళయ్యాక కూడా ప్రతి ఊళ్ళో ప్రతి రాత్రీ పెళ్ళెప్పుడు అని అడగాల్సి వచ్చింది.

పాతప్లేటు
అందరికీ థాంక్స్, కానీ నా అసలు ప్రశ్న చార్టుల గురించి. నంబర్ వన్ అంటే ఎవరి నంబర్ వన్? తమ్ముడు ఇప్పుడు కొత్త వాదన తెచ్చాడు. “నల్లవాళ్ళు కొనలేదు, అందుకే సోల్ కాదు” అంటున్నాడు.

నిక్కచ్చి నారాయణ
దీనికి కొంచెం పొడుగ్గా చెప్పాలి, ఓపిక పట్టండి.

అప్పట్లో బిల్‌బోర్డ్ పత్రికలో రెండు పట్టికలు ఉండేవి. హాట్ 100 అంటే దేశం మొత్తం షాపుల అమ్మకాలు, రేడియోలో ఎంత వేశారు, రెండూ కలిపి. ఆర్ అండ్ బీ (రిథమ్ అండ్ బ్లూస్) పట్టిక అంటే నల్లవాళ్ళ పేటల్లోని షాపులు, వాళ్ళు వినే స్టేషన్ల లెక్క. అంటే అది సంగీతం రకాన్ని కాదు, కొనేవాడి వీధిని కొలిచేది. 1963 చివర నుంచి 1965 మొదలు దాకా బిల్‌బోర్డ్ ఆ పట్టికనే ఎత్తేసింది, రెండింట్లో అవే పాటలు ఉంటున్నాయని. తర్వాత మళ్ళీ తెచ్చింది. 1969 ఆగస్టులో దాని పేరే ‘సోల్’ అని మార్చింది.

ఇప్పుడు వీళ్ళ అంకెలు చూడండి. 1967లో ‘గో వేర్ యు వానా గో’ హాట్ 100లో 16. మామాస్ అండ్ పాపాస్ పాట అది, వీళ్ళని నల్ల మామాస్ అండ్ పాపాస్ అని అప్పుడే అన్నారు. ‘అప్ అప్ అండ్ అవే’ 7. ఆర్ అండ్ బీ పట్టికలో అది కనిపించనే లేదు. ఇక్కడిదాకా తమ్ముడు గెలిచాడు.

1968లో ‘స్టోన్డ్ సోల్ పిక్నిక్’. హాట్ 100లో 3, ఆర్ అండ్ బీలో 2. పాప్‌లో (అంటే హాట్ 100లో) కంటే ఒక మెట్టు పైనే! ‘అక్వేరియస్’ 1969లో పాప్‌లో ఆరు వారాలు 1, ఆర్ అండ్ బీలో 6. 1970లో ‘వన్ లెస్ బెల్ టు ఆన్సర్’ పాప్‌లో 2, అక్కడ 4. నల్లవాళ్ళు కొనలేదు అన్నది ‘వెడ్డింగ్ బెల్ బ్లూస్’ లాంటి ఒకటి రెండు పాటలకి కొంత నప్పుతుంది (పాప్ 1, అక్కడ 23), మొత్తానికి అబద్ధం.

తమ్ముడు ప్లేలిస్ట్‌లోంచి తీసేసింది ఏ పాట? నల్లజాతి పేటల్లో రెండో స్థానం దాకా వెళ్ళిన పాట.

మిరపబజ్జి
నా ఓటు వెనక్కి తీసుకుంటున్నాను. జోకు మీద ఓటు మాత్రం అలాగే ఉంచండి.

సూదిమందు
బ్రిటన్ లెక్క వేరే వినోదం. అక్కడ ‘అప్ అప్ అండ్ అవే’ హిట్ అయింది, కానీ జానీ మాన్ సింగర్స్ అనే వేరే బృందం పాడింది. వీళ్ళది ఎవరూ పట్టించుకోలేదు. ‘అక్వేరియస్’ 11 దగ్గర ఆగింది. అందుకే లండన్‌లో పెరిగిన మా బావగారికి ఈ గ్రూపు పేరే తెలియదు, అక్కడ సోల్ అంటే పిచ్చి ఉన్నవాడైనా సరే.

గరుకుగొంతు
నారాయణ గారు, అంకెలకి దండం. కానీ అప్పట్లో నల్లజాతి శ్రోతలే వీళ్ళని “తెల్లవాళ్ళలా పాడుతున్నారు” అన్నారు కదా? అది మా తమ్ముడో మీ తమ్ముడో పుట్టించిన మాట కాదు. 1970లో నిక్సన్ ఉన్న వైట్‌హౌస్‌కి వెళ్ళి పాడారు. ఆ రోజుల్లో అది చిన్న సంగతి కాదు.

న్యూజెర్సీ నాని
నిజమే, అన్నారు. వైట్‌హౌస్‌లో ఏం పాడారో కూడా చెప్పండి మరి. స్వాతంత్ర్య ప్రకటన వాక్యాలనే పాట చేసి ఆ అధ్యక్షుడి ముందు నిలబడి పాడారు. మనుషులంతా సమానం అనే వాక్యాన్ని ఐదుగురు నల్లజాతి గాయకులు ఆ గదిలో పాడటం వినేవాడి చెవిని బట్టి ఉంటుంది.

“తగినంత నల్లగా లేరు” అన్న మాట గురించి మెరిలిన్ స్వయంగా మాట్లాడింది. 1969 వేసవిలో న్యూయార్క్‌లోని నల్లజాతి పేట హార్లెమ్‌లో ఒక పెద్ద కల్చరల్ ఫెస్టివల్ జరిగింది, పార్కులో, ఉచితంగా. దాని ఫిల్మ్ అంతా తీసి యాభై ఏళ్ళు మూలన పడేశారు. క్వెస్ట్‌లవ్ అనే సంగీతకారుడు దాన్ని ‘సమ్మర్ ఆఫ్ సోల్’ అనే డాక్యుమెంటరీగా 2021లో తెచ్చాడు, ఆస్కార్ వచ్చింది. అందులో ముసలివాళ్ళయిన మెరిలిన్, బిల్లీ తమ పాత వీడియో చూస్తూ కూర్చుంటారు. ఆ మాటలు తమని ఎంత బాధపెట్టాయో, అందుకే హార్లెమ్‌లో మనవాళ్ళ ముందు పాడటం తమకి ఎంత పెద్ద విషయమో చెప్తూ ఆవిడ కళ్ళు తడుస్తాయి. నేను ఇక్కడ థియేటర్లో చూశాను. పక్క సీట్లో ఒక పెద్దావిడ తెర మీద బిల్లీతో పాటు గొంతు కలిపి పాడింది. వీళ్ళది సోల్ కాదు అని ఆవిడకి చెప్పే ధైర్యం నాకు లేదు.

ఆల్టో అక్క
ఆ వీడియో నేనూ చూశాను. పసుపు రంగు చొక్కాలు, అంచుల్లో కుచ్చులు. ఎండలో ఆ బట్టల్లో హార్మొనీ తప్పకుండా పాడటం… మాకు ఈస్టర్ రోజు గౌను వేసుకుని ఫ్యాన్ కింద పాడటానికే ప్రాణం మీదికి వస్తుంది.

గరుకుగొంతు
చూస్తాను. ఇంకా చూడలేదు, నిజం చెప్తున్నా.

కోడంబాక్కం కాందిశీకుడు
తర్వాత ఏమైందో కూడా ఎవరైనా చెప్పండి, 1972 తర్వాత వీళ్ళ పాటలు నాకు తగల్లేదు.

నిక్కచ్చి నారాయణ
1972లో ‘లాస్ట్ నైట్ ఐ డిడింట్ గెట్ టు స్లీప్ ఎట్ ఆల్’ 8, ‘ఇఫ్ ఐ కుడ్ రీచ్ యు’ 10. టాప్ టెన్‌లో అవే ఆఖరివి. నా ఉద్దేశంలో అప్పటికే గ్రూపు ఐదు గొంతుల నుంచి ఒక గొంతు, నాలుగు వెనక గొంతులు అయిపోయింది. ‘వన్ లెస్ బెల్’ అంత పెద్ద హిట్ కావడం వల్ల మెరిలిన్ ముందుకు వచ్చింది, మిగతావాళ్ళు “ఆ… ఊ…” అంటూ ఉండిపోయారు. ఆవిడ గొంతు బంగారమే. కానీ ఆ ఐదుగురి అల్లిక పోయింది.

1975లో మెరిలిన్, బిల్లీ బయటికి వచ్చేశారు. 1976లో మిగిలిన గ్రూపు ‘లవ్ హ్యాంగోవర్’ సింగిల్‌గా (విడి ప్లేటుగా) వేసింది. మోటౌన్ గాయని డయానా రాస్ ఆల్బమ్‌లో అదే పాట ఉంది. వీళ్ళది బజారులోకి వస్తోందని తెలిసి మోటౌన్ హడావిడిగా ఆవిడది సింగిల్‌గా దింపింది. ఆవిడది 1, వీళ్ళది 80. మోటౌన్ రెండోసారి తలుపేసింది.

బెజవాడ బాబాయ్
ఒకసారి లోపలికి రానివ్వలేదు, ఇంకోసారి బయటికి రానివ్వలేదు.

న్యూజెర్సీ నాని
అసలు ట్విస్టు నారాయణ గారు దాచిపెట్టారు. బయటికి వచ్చిన మొగుడూ పెళ్ళాలు ‘యు డోంట్ హావ్ టు బి ఎ స్టార్’ పాడారు. 1977 జనవరిలో హాట్ 100లో 1. సోల్ పట్టికలో కూడా 1. గ్రామీ ఇచ్చింది ఆర్ అండ్ బీ విభాగంలో. తగినంత నల్లగా లేరని మాట పడ్డ ఆ ఇద్దరికే!

నిక్కచ్చి నారాయణ
దాచలేదు, టైపు చేస్తున్నాను. మీరు ముందు కొట్టారు.

గరుకుగొంతు
ఆ పాట నాకిష్టం. అది వీళ్ళదని ఈ రోజు దాకా తెలియదు. నేను దాన్ని నా సోల్ ఫోల్డర్‌లో పెట్టుకున్నాను.

మిరపబజ్జి
తమ్ముడి పార్టీ నుంచి ఇంకో ఎమ్మెల్యే జంప్.

గరుకుగొంతు
సగమే జంప్. బెలూన్ పాట నేను ఎప్పటికీ సోల్ అనను. ‘సన్‌షైన్’ చివరి రెండు నిమిషాలు మాత్రం ఇచ్చేస్తాను.

పాతప్లేటు
నారాయణ గారి అంకెలు, నాని గారి హార్లెమ్ సంగతి తమ్ముడికి పంపాను. గంట సేపు చూసిన గుర్తు ఉంది, జవాబు లేదు. తర్వాత ప్లేలిస్ట్ తిప్పి పంపాడు. ‘స్టోన్డ్ సోల్ పిక్నిక్’ మళ్ళీ చేరింది, కానీ అన్నిటికంటే అడుగున. పక్కన ‘వన్ లెస్ బెల్ టు ఆన్సర్’ వాడే కొత్తగా కలిపాడు. ఏమిట్రా ఇది అంటే “అమ్మకి నచ్చింది, నాకు కాదు” అన్నాడు.

ఇంతకీ, వేగస్‌లో రికార్డు చేసినప్పుడు రైలు చప్పుడు ఎక్కడైనా పాటలో మిగిలిపోయిందేమో, ఎవరైనా మంచి హెడ్‌ఫోన్లు పెట్టుకుని విన్నారా?

సూదిమందు
రాత్రి మూడుసార్లు విన్నాను. రైలు దొరకలేదు. రెండోసారి మాత్రం పక్కింటి మిక్సీ వినపడింది.

బెజవాడ బాబాయ్
మా ఇంట్లో విను. పాటలో లేకపోయినా రైలు దొరుకుతుంది.